మంటకు ముందు రోజు

(అద్దె ఇళ్ల యజమానుల కోసం విజయవాడలో జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత బీమా సర్వేయరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు, సోదరీమణులకు నమస్కారం. ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. చేతులెత్తనక్కరలేదు, జవాబు మనసులోనే చెప్పుకోండి. మీరు అద్దెకిచ్చిన పోర్షన్‌లో ఇవాళ ఎన్ని ఫ్యాన్లు ఉన్నాయి? లోపలి తలుపులు టేకువా, ఫ్లష్ డోర్లా? మీరు వేయించిన గచ్చే ఉందా, దాని మీద అద్దెకున్నవారు ఇంకేదైనా పరిచారా? పైకప్పుకు ఫాల్స్ సీలింగ్ ఉందా? ఉంటే అది ఎవరి డబ్బుతో వేసింది?

నవ్వుతున్నారు. ఈ ప్రశ్నలే మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిని, అగ్ని నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపిన సర్వేయరు అడిగినప్పుడు ఆయన నవ్వలేదు. ఆయనను నేను మాస్టారు అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే పిలుస్తాను. రాత్రి రెండు గంటలకు ఆయన అద్దెకిచ్చిన మూడంతస్తుల భవనంలో కింది దుకాణం అంటుకుంది. దేవుడి దయ వల్ల పై అంతస్తులోని కుటుంబం బయటపడింది. తెల్లవారి పదకొండు గంటలకు సర్వేయరు వచ్చి, మసి కారుతున్న షట్టరు ముందు నిలబడి, "మాస్టారూ, లోపల నిన్న ఏమేం ఉన్నాయో చెప్పండి" అని అడిగితే, ఆయన కాసేపు తల వంచుకుని, "తొమ్మిదేళ్లుగా నేను ఆ షట్టరు లోపలికి అడుగు పెట్టలేదండీ, అద్దె బ్యాంకులో పడుతోంది కదా అని" అన్నారు.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. కాలిపోయిన భవనం అందరికీ కనబడుతుంది, దాన్ని ఎవరూ కాదనరు. క్లెయిములో తేలవలసింది మంటకు ముందు రోజు ఆ భవనం ఎలా ఉంది, అందులో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, దాని విలువెంత అన్నది. ఆ ముందు రోజును మీరు కాగితం మీద మళ్లీ కట్టి చూపించగలగాలి. సొంతంగా ఉండే ఇంటికైతే ఇది కొంత సులువు. అద్దె ఇంటికి కష్టం, ఎందుకంటే గోడలు మీవి, వాటి లోపల జరిగేది మాత్రం మీకు తెలియదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా సర్వేయరుగా పనిచేశాను. అంటే ఇన్నేళ్లూ మీవంటి వారి ఎదుట కూర్చుని ప్రశ్నలు వేసిన మనిషిని. మాస్టారి విషయంలో మొదటిసారిగా బల్లకు అవతలి వైపు, ఆయన పక్కన కూర్చున్నాను. అటు నుంచి చూస్తే ఎంత తేడాగా ఉంటుందో నాకూ అప్పుడే తెలిసింది, దాచుకోవడం ఎందుకు?

మొదటి రెండు రోజులు

101కు ఫోన్ చేయడం, మనుషులను బయటకు తేవడం, కరెంటు తీయించడం, గ్యాస్ బండలు పక్కకు పెట్టించడం, ఇవి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ తరువాత చేయవలసిన మొదటి పని కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం. ఏజెంటుకు ఫోన్ చేశామండీ అంటే చాలదు. కంపెనీ నంబరుకు ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకుని, అదే రోజు ఈమెయిలు కూడా పంపాలి. పాలసీ నంబరు, భవనం చిరునామా, మంట కనబడిన సమయం, ఇంతే రాయండి. కారణం రాయకండి. మీకు కారణం తెలియదు కదా, తెలియనిది ఎందుకు రాయడం?

మన ఊళ్లలో ఏ మంటకైనా మొదట పెట్టే పేరు షార్ట్ సర్క్యూట్. ఎఫ్.ఐ.ఆర్.లో అదే, పేపర్లో అదే, పక్కింటివారి నోట అదే. దాన్ని తేల్చవలసినది విద్యుత్ తనిఖీ అధికారి, అవసరమైతే ఫోరెన్సిక్ ప్రయోగశాల. మేము కాలిన వైరును చేతిలోకి తీసుకుని చివర చూస్తాం. రాగి కరగాలంటే సుమారు 1085 డిగ్రీలు కావాలి. వైరు కొసన ఆవగింజంత గుండ్రటి ముత్యం లాంటిది కట్టి, దాని పక్కనే తీగ మామూలుగా ఉందనుకోండి, అక్కడ నిప్పురవ్వ పుట్టిందని అనుమానిస్తాం. అయితే ఆ ముత్యం మంటను పుట్టించిందా, మంట వల్ల తానే పుట్టిందా అన్నది ఒక్క తీగను చూసి చెప్పలేం. అందుకే అంటున్నాను, కారణం మీద మీరు ముందే మాట జారకండి. పైగా మీకు ఆ తొందర అవసరం కూడా లేదు. అగ్ని పాలసీ ఉన్నదే అనుకోని మంటకు. యజమాని కావాలని పెట్టనంత వరకు, పెట్టించనంత వరకు, మంటకు కచ్చితమైన కారణం తేలకపోవడం క్లెయిముకు అడ్డు కాదు. 2020లో సుప్రీంకోర్టు కర్ణాటకలోని బ్యాడగి మిరప కోల్డ్ స్టోరేజి కేసులో ఈ మాట చెప్పింది. గుంటూరు నుంచి వచ్చినవారికి ఆ కేసు బాగా అర్థమవుతుంది. మిరప బస్తాలు, కోల్డ్ స్టోరేజి, మంట, అన్నీ మనకు తెలిసినవే.

ఇంకో సంగతి. పాత ప్రామాణిక అగ్ని పాలసీలో షార్ట్ సర్క్యూట్ అయిన ఆ ఒక్క పరికరానికి డబ్బు రాదు. అక్కడ పుట్టిన మంట పక్కనున్న వాటిని కాల్చితే వాటికి వస్తుంది. మీటరు బోర్డుకు రాకపోవచ్చు, గోడకు, స్లాబుకు, తలుపులకు వస్తుంది. "షార్ట్ సర్క్యూట్ అట, మనకు రాదట" అని క్లెయిమే వేయకుండా ఊరుకున్నవారిని నేను చూశాను. అది ఎంత అన్యాయం చెప్పండి!

శిథిలాల సంగతి జాగ్రత్తగా వినండి. సర్వేయరు చూసే వరకు కదిలించకూడదు అంటారు, అది నిజమే. కానీ నష్టం పెరగకుండా చూసుకోవడం కూడా మీ బాధ్యతే, అది కూడా పాలసీలోనే ఉంది. వాన పడుతుంటే టార్పాలిన్ కప్పాలి, వంగిన స్లాబుకు కింద సపోర్టు కర్రలు పెట్టాలి, రోడ్డు మీదికి ఒరిగిన గోడను దించాలి. మున్సిపాలిటీ వారు ప్రమాదకర భవనం అని నోటీసు అంటిస్తే దాన్ని ఫోటో తీసి ఆ గంటలోనే సర్వేయరుకు పంపి, "ఈ కారణంగా ఈ భాగం తొలగిస్తున్నాము" అని రాసి, వీడియో తీస్తూ తొలగించండి. కాలిన షట్టర్లు, ఇనుప చువ్వలు మాత్రం ఎవరికీ అమ్మకండి. పాత ఇనుము కొనేవాడు ఫైరింజన్ వెళ్లకముందే గుమ్మంలో ఉంటాడు! వాటి విలువను మీ క్లెయిము నుంచి తగ్గిస్తారు కనుక, తూకం వేసిన చీటీ లేకపోతే కంపెనీవారు వేసిన విలువే విలువ.

అగ్నిమాపక శాఖ నుంచి హాజరు ధ్రువపత్రం, పోలీసు స్టేషను నుంచి ఎఫ్.ఐ.ఆర్. గానీ కనీసం జనరల్ డైరీ, అంటే స్టేషను రోజువారీ పుస్తకం, నకలు గానీ, వీటికి మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి. పాత ప్రామాణిక పాలసీలో నష్టం వివరాలు రాతపూర్వకంగా ఇవ్వడానికి 15 రోజులే గడువు. లెక్క తేలకపోతే "ఇది తాత్కాలిక అంచనా" అని రాసి ఇవ్వండి, గడువు మాత్రం దాటనివ్వకండి.

ఇల్లు మీది, వాడకం ఎవరిది?

ఇక అసలు చిక్కు. మాస్టారి పాలసీలో కింది అంతస్తు వాడకం "బట్టల దుకాణం" అని ఉంది. మంటనాడు అక్కడ ఉన్నది ఫోము, రెగ్జిను, బండ్ల సీటు కవర్లు. బట్టల వ్యాపారి ఖాళీ చేసి వెళ్లాక సీట్ల పని చేసే అతను చేరాడు. అద్దె రెండు వేలు ఎక్కువ ఇస్తానన్నాడు. మాస్టారు సంతోషించారు. మనలో ఎవరు సంతోషించరు?

పాలసీ దృష్టిలో అది వేరే ప్రమాదం. వాడకం మారి ముప్పు పెరిగితే కంపెనీకి చెప్పి ఒప్పించుకోవాలి, లేకపోతే రక్షణ పోతుందని షరతుల్లో ఉంటుంది. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కుటుంబాలు కాపురముంటున్న అపార్టుమెంటు కింద రసాయనాల డ్రమ్ములు పెట్టారు. తొమ్మిది మంది చనిపోయారు. అక్కడ బీమా సంగతి నేను మాట్లాడడం లేదు, మనుషుల ప్రాణాల ముందు అదెంత? కానీ కింద ఏముందో ఇంటివారికి తెలిసి ఉండాలన్నది ఇంతకంటే గట్టిగా ఏది చెబుతుంది?

మాస్టారిని కాపాడింది ఒక్క కాగితం. గ్యాస్ బుక్కు, పాత కరెంటు బిల్లులు పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్లో, నాలుగు మడతలు పెట్టి ఉంది. సీట్ల వ్యాపారి చేరిన ఏడాది పాలసీ రెన్యువల్ చేసేటప్పుడు, కొత్త అద్దె ఒప్పందం నకలు జతచేసి బ్రాంచికి ఇచ్చిన ఉత్తరం అది. బడి పంతులు కదా, ఏది ఇచ్చినా అందినట్టు ముద్ర వేయించుకునే అలవాటు. మూలన వంకాయ రంగు గుండ్రటి ముద్ర, తేదీ, ఒక పొట్టి సంతకం. పాలసీలో "బట్టల దుకాణం" అని మార్చకుండా వదిలేసింది బ్రాంచివారు. ఆ ముద్ర లేకపోతే, నిజం చెబుతున్నాను, సర్వేయరుగా నేనే ఆ క్లెయిమును తిరస్కరించమని రాసి ఉండేవాడిని.

ఖాళీగా ఉంచిన ఇళ్ల గురించి కూడా చెప్పాలి. పాత ప్రామాణిక పాలసీలో భవనం 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, కంపెనీ అనుమతి లేకుండా రక్షణ కొనసాగదు. అద్దెకున్నవారు వెళ్లి, కొత్తవారు దొరక్క మూడు నెలలు తాళం వేసి ఉంచడం మనకు మామూలే కదా. ఆ తాళం వేసిన రోజే ఒక ఈమెయిలు పెట్టండి.

అద్దెకున్నవారి సామాను మీ పాలసీలోకి రాదు. వారికి వేరే పాలసీ ఉంటే వారి సర్వేయరు వేరే వస్తాడు. ఇద్దరు సర్వేయర్లు ఒకే గదిలో ఒకే ఫాల్స్ సీలింగును ఇద్దరి పేరునా రాసుకుని పోయిన సందర్భం నాకు తెలుసు, ఆ తరువాత రెండు క్లెయిములూ ఆగిపోయాయి. ఫాల్స్ సీలింగు, చెక్క పార్టిషను, ఏసీలు, గ్లాసు తలుపు, ఇవి ఎవరివో అద్దె ఒప్పందంలో ఒక్క వాక్యం ఉంటే ఆ గొడవే రాదు.

ఇప్పుడు మన పద్ధతిలో జరిగే ఒక పొరపాటు చెబుతాను. మంట జరిగిన నాలుగో రోజున పెద్దమనుషులు కూర్చుంటారు. పాపం అతనూ నష్టపోయాడు, ఇన్నేళ్ల పరిచయం, పోనీలే అని, "మాకు ఒకరి మీద ఒకరికి ఏ క్లెయిమూ లేదు" అని కాగితం రాసుకుని, అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. మంచి మనసే. కానీ మీకు డబ్బు కట్టిన తరువాత, మంటకు అద్దెకున్నవారి నిర్లక్ష్యం కారణమైతే వారి మీద వెళ్లే హక్కు మీ స్థానంలో కంపెనీకి వస్తుంది. ఆ హక్కును మీరు ముందే కాగితం మీద వదిలేస్తే, "మా హక్కు చెడగొట్టారు" అని కంపెనీ మీ క్లెయిమునే పట్టుకుంటుంది. మాస్టారి ఇంట్లో కూడా పెద్దమనుషులు కూర్చున్నారు, కాగితం కూడా తయారైంది. నేను వెళ్లేసరికి మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు, సంతకం ఇంకా పెట్టలేదు. అంతే, అంతటి సన్నని సందు!

అద్దెకున్నవారి వైపు చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనులో, అగ్ని వల్ల అద్దె ఆస్తిలో ముఖ్యమైన భాగం నాశనమై వాడకానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, లీజు రద్దయినట్టు భావించే ఎంపిక అద్దెకున్నవారిది. యజమానిది కాదు. ఆ నష్టం వారి తప్పు వల్లే జరిగితే మాత్రం ఆ ఎంపిక వారికి ఉండదు. కనుక "కాలిపోయింది కదా, ఖాళీ చేసినట్టే" అని మీరు తాళం మార్చేయకండి.

అద్దె నష్టం గురించి రెండు మాటలు. నివాస గృహాలకు 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో, ఇల్లు ఉండడానికి వీలుకాని కాలానికి అద్దె నష్టం కలిసే ఉంది. మిగిలిన వాటిలో విడిగా తీసుకోవాలి, మాస్టారు తీసుకోలేదు. తీసుకున్నవారికి వచ్చే తంటా వేరు. పన్నువారికి చూపిన అద్దె ఎనిమిది వేలు, ఒప్పందంలో పది వేలు, చేతికి వస్తున్నది ఇరవై ఐదు వేలు. ఇప్పుడు సర్వేయరును ఏది నమ్మమంటారు? మీ ముఖాలు చూస్తుంటే ఈ విషయం ఇక్కడితో ఆపడం మంచిదనిపిస్తోంది.

లెక్క

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది కాస్త ఓపికగా వినాలి, ఎందుకంటే పెద్ద క్లెయిముల్లో లక్షలు పోయేది ఇక్కడే.

మాస్టారి పాలసీ మొత్తం 54 లక్షలు. మొదట పాలసీ తీసుకున్నప్పుడు భవనం రెండు అంతస్తులు, మూడు వేల చదరపు అడుగులు. అడుగుకు 1,800 చొప్పున కట్టుబడి ఖర్చు వేసుకుంటే సరిగ్గా 54 లక్షలే. తరువాత ఆయన పైన ఇంకో అంతస్తు వేశారు. పాలసీ మాత్రం ఏటా అదే మొత్తానికి రెన్యువల్ అవుతూ వచ్చింది. మంటనాటికి 4,500 చదరపు అడుగులు, అడుగుకు రెండు వేలు. అంటే మళ్లీ కట్టాలంటే 90 లక్షలు. స్థలం విలువ ఇందులో కలవదు, కలపకూడదు, నేల కాలదు కదా.

నష్టం 40 లక్షలుగా తేలింది. మాస్టారు నాతో, "పాలసీ 54, నష్టం 40, మొత్తం వచ్చేస్తుంది కదా?" అన్నారు. ఈ గదిలో కూడా చాలామంది అలాగే అనుకుంటున్నారని నాకు తెలుసు. అలా రాదు. 90 లక్షల ఆస్తికి 54 లక్షలకే బీమా చేశారంటే, మిగిలిన 40 శాతానికి మీరే బీమా కంపెనీ అని లెక్క. ప్రతి రూపాయి నష్టంలో 60 పైసలే కంపెనీది. 40 లక్షలలో 60 శాతం, 24 లక్షలు. సర్వేయరు మొదట రాసింది అంతే. ఆయన తప్పేమీ రాయలేదు, నేనైనా అలాగే రాసేవాడినేమో.

ఆ రాత్రి పాలసీ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆస్తి వివరణ దగ్గర ఒక్క మాట, "గ్రౌండ్ ప్లస్ వన్", అంటే కింది అంతస్తు, దాని పైన ఒక్కటి. తరువాత వేసిన పై అంతస్తు అసలు ఈ పాలసీలో లేదు! బీమా చేసిన ఆస్తి రెండు అంతస్తులే అయితే, పోల్చవలసిన విలువ కూడా రెండు అంతస్తులదే. మూడు వేల అడుగులు, రెండు వేల చొప్పున, 60 లక్షలు. 60కి 54, అంటే పది శాతం తక్కువ. మాస్టారి పాలసీ చిన్న వ్యాపార స్థలాలకు ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. అందులో 15 శాతం వరకు ఉన్న తగ్గుదలను లెక్కలోకి తీసుకోరు. పై అంతస్తుకు జరిగింది మసి, పగిలిన కిటికీ అద్దాలు, మూడు లక్షల నష్టం. అది వదులుకున్నాం. మిగిలిన 37 లక్షలకు కోత లేదు. ఒక్క మాటతో 24 కాస్తా 37 అయింది.

అందరికీ ఇలా కలిసిరాదు. మాస్టారికి కలిసివచ్చింది మంట కింద పుట్టి, పైదాకా వెళ్లకముందే ఆరింది కనుక. మీరు చేయవలసింది ఏటా రెన్యువల్ ముందు కట్టుబడి ఖర్చును కొత్తగా లెక్క వేయించుకోవడం. నివాస గృహమైతే భారత్ గృహ రక్షలో ఈ తక్కువ బీమా కోతే లేదు, అది పెద్ద మేలు. కానీ కింద దుకాణం, పైన కాపురం ఉన్న భవనాన్ని మొత్తంగా ఇల్లు అని రాయించి ఆ మేలు పొందాలని చూడకండి, మళ్లీ వాడకం దగ్గరే దొరికిపోతారు.

37 లక్షలు అన్నాను కదా, ఆ అంకె కూడా ఊరికే తేలలేదు. స్లాబు దగ్గర పెద్ద వాదన. కంపెనీ తరఫు ఇంజనీరు మరమ్మతు చాలన్నాడు, మన ఇంజనీరు స్లాబు మొత్తం పగలగొట్టాలన్నాడు. ఇద్దరినీ తీసుకుని లోపలికి వెళ్లాం. ఫోము దొంతరలు పెట్టిన మూలన కిటికీ అల్యూమినియం ఫ్రేము కరిగి, గడప మీద చుక్కలు చుక్కలుగా గడ్డకట్టి ఉంది. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. అంటే అక్కడి వేడి అంతకంటే ఎక్కువే. పైన ప్లాస్టరింగు పెచ్చులూడి పడింది. చిన్న సుత్తితో కాంక్రీటును కొద్దిగా చెక్కితే లోపల లేత గులాబీ రంగు కనబడింది. చాలా రకాల కంకరలో ఇనుము ఉంటుంది, దాదాపు 300 డిగ్రీలు దాటితే కాంక్రీటు ఆ రంగుకు తిరుగుతుంది. ఎంత లోతు వరకు గులాబీ రంగు ఉందో అంత లోతు వరకు వేడి పాకిందన్నమాట. అదే స్లాబు వీధి వైపు చెక్కితే లోపల మామూలు బూడిద రంగే. ఇద్దరు ఇంజనీర్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత కాంక్రీటు బలం తెలిపే పరీక్షలు, రీబౌండ్ హామరు, అల్ట్రాసోనిక్ పరీక్ష, నాలుగు చోట్ల కోర్ (కాంక్రీటు ముక్క) తీయడం, అన్నీ చేసి, ఫోము ఉన్న వైపు రెండు భాగాలు పగలగొట్టి కొత్తగా వేయడానికి, మిగిలినది బాగుచేయడానికి ఒప్పుకున్నారు. ఆ పరీక్షలు సర్వేయరు ఎదుటే చేయించండి. మీరు ఒంటరిగా చేయించుకుని నివేదిక చేతికిస్తే నమ్మకం కుదరదు.

అంచనా వేయించేటప్పుడు అంతా కలిపి ఒక్క అంకె పక్కన సున్నాలు పెట్టి ఇవ్వకండి. గోడ ఇంత పొడవు, ప్లాస్టరింగు ఇన్ని చదరపు మీటర్లు, వైరింగు ఇన్ని పాయింట్లు, ప్రతి పనీ విడిగా కొలిచి, ప్రభుత్వ ఎస్.ఎస్.ఆర్. (కట్టడం పనులకు ప్రభుత్వం ఖరారు చేసే ధరల పట్టిక) ధర ఒక గడిలో, కాంట్రాక్టరు కొటేషను ఇంకో గడిలో పెట్టించండి. కాంట్రాక్టరు బిల్లు మీద పడే 18 శాతం జి.ఎస్.టి. కూడా అడగండి. మీకు దాన్ని తిరిగి పొందే వీలు లేకపోతే అది మీ ఖర్చే. శిథిలాలు ఎత్తివేయడం, ఇంజనీరు ఫీజు కూడా పాలసీలో ఉంటాయి. భారత్ గృహ రక్షలో ఫీజులకు క్లెయిములో 5 శాతం వరకు, శిథిలాలకు 2 శాతం వరకు. అడగనివారికి ఎవరూ ఇవ్వరు.

పాలసీ పునర్నిర్మాణ విలువ మీద ఉంటే, పని పూర్తి చేసి బిల్లులు చూపే వరకు, భవనం పాతబడినందుకు తరుగు తీసేసిన విలువే ఇస్తారు. పాత ప్రామాణిక నిబంధనలో 12 నెలల్లో కట్టడం పూర్తి చేయాలి. చేతిలో డబ్బు లేకుండా ఎలా కట్టాలి అంటారా? పెద్ద క్లెయిములో ముందుగా కొంత చెల్లించమని రాతపూర్వకంగా అడగవచ్చు. అమెరికాలో ఉండి ఇక్కడ అద్దె ఇళ్లు నడిపేవారి బంధువులు ఇక్కడ కొందరున్నారు. ఆ యజమానుల తరఫున క్లెయిము నడపడానికి వారు అక్కడి నుంచి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించకపోతే, సరిగ్గా మీకు అవసరమైన వేళకు అది చెల్లదంటారు.

సర్వేయరు గురించి. ఫీజు కంపెనీ ఇస్తుంది, లైసెన్సు బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. ఇస్తుంది. పెద్ద నష్టానికి ఆయన అంచనా 1938 బీమా చట్టం ప్రకారం తప్పనిసరి. ఆయనను శత్రువుగా చూడకండి, చుట్టంగా కూడా చూడకండి. వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆ సాయంత్రమే, "ఇవాళ మీరు ఇవి చూశారు, ఈ కాగితాలు అడిగారు, ఇవి ఇచ్చాము" అని ఒక ఈమెయిలు పెట్టండి. ఆ నియంత్రణ సంస్థ కంపెనీలకు ఇచ్చిన 2024 జూన్ నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, తెలిపిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. మాస్టారికి అంత వేగంగా జరగలేదు, పెద్ద క్లెయిముల్లో చాలావరకు జరగదు. కానీ తేదీలు రాసి గుర్తుచేస్తే కదలిక ఉంటుంది. మాస్టారి విషయంలో నివేదిక మనకు అనుకూలంగా వచ్చాక, కంపెనీవారు ఇంకో సర్వేయరును పంపుతామన్నారు. కారణం చెప్పకుండా ఒకరి తరువాత ఒకరిని నియమించుకుంటూ పోకూడదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట రాసి, కారణం అడుగుతూ మాస్టారు ఒక పేజీ ఉత్తరం ఇచ్చారు. రెండో సర్వేయరు రాలేదు.

కుదరకపోతే ముందు కంపెనీ ఫిర్యాదు విభాగం. నెల రోజులు చూసి బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాదు లక్డికాపూల్‌లో కార్యాలయం ఉంది, వకీలు అక్కరలేదు, రుసుము లేదు. 2023 నుంచి పరిమితి 50 లక్షలు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. వినియోగదారుల కమిషనుకైతే రెండేళ్లు. అక్కడ కేసు ఏ స్థాయికి వెళ్లాలన్నది మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి, క్లెయిము మొత్తాన్ని బట్టి కాదు. కనుక చాలా పెద్ద క్లెయిములు కూడా ఇప్పుడు జిల్లా కమిషనులోనే వేయవచ్చు.

డబ్బు ఇచ్చే ముందు కంపెనీవారు డిశ్చార్జి వోచరు అనే రసీదు కాగితం ఇచ్చి "పూర్తి, తుది పరిష్కారం" అని సంతకం అడుగుతారు. మొత్తం మీకు సమ్మతం కాకపోతే, అభ్యంతరంతో తీసుకుంటున్నానని ఆ రోజే ఈమెయిలు పెట్టండి. ఒత్తిడి వల్ల సంతకం పెట్టానని చూపగలిగితే, ఆ ఒక్క సంతకంతో మీ హక్కు పోదని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఒత్తిడి అని ఏడాది తరువాత గుర్తుకు తెచ్చుకుంటే నమ్మరు.

మాస్టారికి చివరికి పాత ఇనుము విలువ, పాలసీ ప్రకారం ఆయనే భరించవలసిన మినహాయింపు పోను దాదాపు 36 లక్షలు మంజూరయ్యాయి. చెక్కు వచ్చిందని ఫోన్ చేశారు, వెళ్లాను. చెక్కు ఆయన పేరున లేదు, బ్యాంకు పేరున ఉంది. మొదటి అంతస్తు వేసేటప్పుడు తీసుకున్న అప్పు తీర్చేసి నాలుగేళ్లయింది, కానీ పాలసీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయింది. ఆ పేరున్నంత వరకు డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది. అప్పు ఇచ్చిన బ్రాంచి ఈలోగా ఇంకో బ్రాంచిలో కలిసిపోయింది, పాత ఖాతా వెతకడానికి, బాకీ లేదన్న ఉత్తరం తేవడానికి, కంపెనీ చెక్కు మార్చి ఇవ్వడానికి ఇంకో రెండు నెలలు. ఆ రెండు నెలలూ సెంట్రింగు మేస్త్రీ రోజూ పొద్దున్నే మాస్టారి గుమ్మం ముందు నిలబడేవాడు. మీలో అప్పు తీర్చేసినవారు ఎంతమంది ఉన్నారు? పాలసీ ఇంట్లో ఉంటే ఫోన్ చేసి పిల్లలను తీసి చూడమనండి, మొదటి పేజీలోనే ఉంటుంది. ఈలోగా వెనక కూర్చున్న ఆ పెద్దాయన చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తుతున్నారు, అడగండయ్యా.